ఎవరడిగారు, ఎందుకడిగారు: స్కాట్లాండ్‌లో పూర్వీకుల జాడ

(స్కాట్లాండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో పెద్దవాళ్లున్నారు. వినపడకపోతే చెయ్యెత్తండి, ఇంకొంచెం గట్టిగా మాట్లాడతాను.

ఈ హాల్లో చాలామందికి ఇక్కడి కోడళ్లు వచ్చారు, ఇక్కడి అల్లుళ్లు వచ్చారు. నేనైతే ఇక్కడి ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. మన మనవల్ని బళ్లో వంశవృక్షం గీసుకు రమ్మంటారు. ఒక పక్క చకచకా నిండిపోతుంది. తాతగారి ఊరు, ఇంటిపేరు, గోత్రం, అమ్మమ్మ పుట్టిల్లు, అన్నీ ఫోన్లో అడిగితే చెప్పేవాళ్లున్నారు. రెండో పక్క ఖాళీ. వియ్యాలవారిని అడిగితే, "మాది మెక్‌డొనాల్డ్ వంశం, హైలాండ్స్ నుంచి వచ్చాం" అంటారు. హైలాండ్స్ అంటే ఉత్తరాన ఉన్న కొండ ప్రాంతం. ఆ తరవాత? తరవాత వాళ్లకీ తెలీదు. ఆ రెండో పక్క ఎలా నింపాలో చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మళ్లీ మళ్లీ చెబుతాను కూడా, ఏమీ అనుకోకండి. ఆ పాత పుస్తకాలు రాసినవాళ్లు మన వంశవృక్షం కోసం రాయలేదు. ఎవరో వాళ్లకి ఒక పని అప్పజెప్పారు. పన్ను వసూలు కావచ్చు, చర్చి కట్టుబాటు కావచ్చు, ఫలానా బీదరాలికి ఎవరు డబ్బివ్వాలన్న తగాదా కావచ్చు. అందుకని కాగితం చేతికి రాగానే అందులో ఏముందో చూడ్డానికి ముందు, ఇది ఎవరడిగారు, ఎందుకడిగారు అని చూసుకోండి. అది తెలిస్తే అందులో ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో దానంతటదే తెలుస్తుంది.

వంశం సంగతి తేల్చేసి ముందుకు పోదాం. ఇంటిపేరు మెక్‌డొనాల్డ్ అయినంత మాత్రాన ఆ దొరల రక్తమని కాదు. ఆ దొర భూమిలో ఉన్నవాళ్లు, ఆ దొర నీడన బతికినవాళ్లు ఎంతోమంది ఆ పేరు పెట్టుకున్నారు. దుకాణంలో ఆ పేరు మీద గళ్ల శాలువా దొరుకుతుంది, కొనుక్కోండి, బాగుంటుంది. కానీ వెతకడం అక్కణ్ణించి మొదలుపెట్టకండి. పైనుంచి కిందికి వచ్చే దారి లేదు. మీ వియ్యపురాలి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో తరం వెనక్కి పోవడమే దారి.

స్కాట్లాండ్‌లో పుట్టుక, పెళ్లి, చావు మూడూ సర్కారు దగ్గర తప్పనిసరిగా రాయించాలన్న చట్టం 1855 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంగ్లండ్‌లో అంతకు పద్దెనిమిదేళ్ల ముందే వచ్చింది. ఆలస్యమైతే అయింది గానీ ఇక్కడివాళ్లు అడగాల్సినవన్నీ అడిగారు. ఇంగ్లండ్ పెళ్లి సర్టిఫికెట్‌లో ఆ రోజుల్లో తండ్రుల పేర్లు మాత్రమే ఉండేవి. స్కాట్లాండ్ దాంట్లో పెళ్లికొడుకు తల్లీతండ్రీ, పెళ్లికూతురి తల్లీతండ్రీ, నలుగురూ ఉంటారు. తల్లుల పుట్టింటి ఇంటిపేర్లతో సహా! మరణ సర్టిఫికెట్‌లోనూ చనిపోయిన మనిషి తల్లిదండ్రుల పేర్లుంటాయి. అంటే 1860లో ఎనభై ఏళ్ల ముసలావిడ చనిపోతే, 1750 ప్రాంతంలో పుట్టిన ఆవిడ తల్లి పేరు మనకి దొరకవచ్చు. ఆలోచించండి, ఒక్క కాగితంలో వందేళ్లు.

ఇక్కడి ఆడవాళ్లకి పెళ్లితో పుట్టింటి పేరు చట్టం దృష్టిలో పోదు. సమాధి రాళ్ల మీద చూడండి, భర్త పేరు కింద భార్య పేరు ఆవిడ సొంత ఇంటిపేరుతోనే చెక్కి ఉంటుంది. వెతికేవాళ్లకి ఇంతకన్నా సాయం ఏం కావాలి? మగవాళ్ల వైపే పోనక్కర్లేదు. తల్లి, ఆవిడ తల్లి, ఆవిడ తల్లి, అలా ఆడవాళ్ల వరసే పట్టుకుని వెనక్కి పోవచ్చు. మనవరాళ్లున్నవాళ్లు ఆ వరస తప్పకుండా వెతికించండి. నాకు అదంటే చాలా ఇష్టం.

మొదటి ఏడాది, 1855, ఒక పండగే అనుకోండి. ఆ ఏడు పుట్టుక రిజిస్టరులో తల్లిదండ్రుల వయసులు, వాళ్లు పుట్టిన ఊళ్లు, పెళ్లి ఎప్పుడైంది, ఎక్కడైంది, బిడ్డకి ముందు పుట్టినవాళ్లు ఎంతమంది, బతికున్నదెందరు, పోయిందెందరు, ఇన్ని అడిగారు. చావు రాయించడానికి వెళ్తే పోయినవాళ్ల పిల్లలందరి పేర్లూ అడిగారు. రిజిస్ట్రార్లు రాయలేక మొత్తుకున్నారు. 1856 నుంచి చాలా గళ్లు తీసేశారు. తల్లిదండ్రుల పెళ్లి ఎప్పుడు ఎక్కడ అయిందన్న గడి మాత్రం 1861లో మళ్లీ పెట్టారు. కాబట్టి మీరు వెతికే మనిషి 1855లో దొరక్కపోతే వదిలెయ్యకండి. ఆ మనిషి అక్కకి ఆ ఏడు బిడ్డ పుట్టిందేమో, తమ్ముడి పెళ్లయిందేమో చూడండి. అక్క కాగితమైనా తల్లిదండ్రులు వాళ్లేగా?

మరణ సర్టిఫికెట్ చూసేటప్పుడు అడుగున ఒక సంతకం ఉంటుంది, వివరాలు చెప్పినవాళ్లది. అది తప్పకుండా చూడాలి. కొడుకు చెప్పాడంటే తాత పేరు సరిగ్గానే చెప్పి ఉంటాడు. పక్కింటాయన చెప్పాడంటే పాపం ఆయనకేం తెలుసు? ఎవరడిగారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు జవాబిచ్చారన్నదీ అంతే.

ఇప్పుడు జనాభా లెక్కలకి వద్దాం. 1801 నుంచి పదేళ్లకోసారి లెక్క పెడుతున్నారు. కానీ మొదట్లో తలలే లెక్కపెట్టారు, పేర్లు రాయడం 1841లో మొదలైంది. ఆ ఏడు జూన్ 6 రాత్రి ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో రాశారు. అందులో రెండు చిక్కులున్నాయి. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసుని అయిదుకి తగ్గించి రాయమన్నారు. ముప్ఫై తొమ్మిదేళ్లామె ముప్ఫై అయిదు అయిపోతుంది. రెండో చిక్కు, ఎవరికి ఎవరు ఏమవుతారో రాయలేదు. ఒక ఇంట్లో అరవయ్యేళ్లాయన, ముప్ఫై అయిదేళ్లావిడ, ముగ్గురు పిల్లలు ఉన్నారనుకోండి. ఆవిడ కూతురా, కోడలా, రెండో భార్యా, చెల్లెలా? కాగితం చెప్పదు. మనం చెప్పించకూడదు కూడా.

1851 నుంచి ఆ చిక్కు విడిపోయింది. ఇంటిపెద్దకి ఏమవుతారో రాశారు, వయసు ఉన్నదున్నట్టు రాశారు. అన్నిటికన్నా పెద్ద మేలు, పుట్టిన పారిష్ పేరు రాశారు. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం. 1851లో డెబ్బై ఏళ్ల మనిషి ఫలానా పారిష్‌లో పుట్టానని చెప్పాడంటే, 1780 నాటి చర్చి పుస్తకం ఏది తెరవాలో తెలిసిపోయినట్టే. తొమ్మిది వందల పైచిలుకు పారిష్‌లలో ఒకటి తేలింది. ఇంటింటికీ తిరిగి రాసినవాళ్లు చాలాచోట్ల బడిపంతుళ్లే. మనం ఇప్పుడు చూసేది ఆ ఇంటివాళ్లు నింపిన కాగితం కాదు, దాన్ని చూసి ఆ పంతులుగారు పుస్తకంలోకి ఎక్కించిన నకలు. అక్షరం తప్పుంటే ఇంటివాళ్లకి రాదనుకోకండి, నకలు రాసిన చెయ్యి అలిసిపోయి ఉండవచ్చు.

1861లో ఒక కొత్త ప్రశ్న వచ్చింది. ఇంట్లో కిటికీ ఉన్న గదులెన్ని? ఎందుకడిగారు? గ్లాస్గో, డండీ లాంటి ఊళ్లలో ఒంటిగది ఇళ్లలో ఏడుగురు, ఎనిమిదిమంది కిక్కిరిసి ఉంటున్నారు, రోగాలు పట్టిపోతున్నాయి. ఆ లెక్క తేల్చడానికి అడిగారు. ఇవాళ మనకి అదే గడి ఆ కుటుంబం ఎలా బతికిందో చూపిస్తుంది. పేర్లు, తేదీలు రాసుకుని ఆ గడి వదిలేసేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. భార్యాభర్తలు, ఆరుగురు పిల్లలు, ఇద్దరు అద్దెమనుషులు, కిటికీ ఉన్న గది ఒకటి. ఇంకేం చెప్పాలి? 1881లో మొదటిసారి హైలాండ్స్, దీవులవాళ్ల భాష గేలిక్ మాట్లాడతారా అని అడిగారు. 1891 నుంచి గేలిక్ ఒక్కటే వచ్చా, ఇంగ్లీషు కూడా వచ్చా అని విడదీశారు. తల్లికి గేలిక్ ఒక్కటే, బడికెళ్లే పిల్లలకి రెండూ, అలా ఒక్క ఇంట్లోనే ఒక భాష ఎలా తగ్గిపోతోందో కనపడుతుంది. 1911లో పెళ్లయి ఎన్నేళ్లయింది, పిల్లలెంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. ఆ రెండు అంకెల మధ్య తేడా చూడ్డానికి కొంచెం గుండె గట్టి చేసుకోవాలి.

మా మామగారి వైపు వాళ్ల సంగతి చెబుతాను, జనాభా లెక్కలు ఎలా చదవాలో దీంతో తెలుస్తుంది. వాళ్లు అబర్డీన్‌షైర్‌లో పాలేర్లు, గుర్రాలతో నాగలి దున్నేవాళ్లు. లెక్కల్లో చూస్తే ఒక్కో బిడ్డ ఒక్కో పారిష్‌లో పుట్టింది. పెద్దవాడు టరిఫ్, రెండోది ఫైవీ, తరవాతివాడు న్యూ డీర్, ఆఖరిది మెథ్లిక్. అన్నీ పక్కపక్క పారిష్‌లే. ఎందుకిలా? ఆ రోజుల్లో అక్కడ పాలేరు జీతానికి కుదరడం, పెళ్లికానివాడైతే ఆరు నెలలకి, పెళ్లయినవాడైతే ఏడాదికి. మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి పాలేర్ల సంత జరిగేది. రైతు వచ్చి బేరమాడి తీసుకుపోయేవాడు. గడువు తీరితే సామాను బండికెత్తుకుని ఇంకో కమతానికి. పిల్లలు పుట్టిన ఊళ్ల వరస చూస్తే ఆ కుటుంబం తిరిగిన దారంతా తెలుస్తుంది. ఇంకో సంగతి, 1851 నుంచి 1911 దాకా లెక్కలన్నీ మార్చి చివరో ఏప్రిల్ మొదట్లోనో తీశారు. మే మార్పుకి ముందు. అదే ఏడు జూన్‌లో బిడ్డ పుడితే పుట్టుక రిజిస్టరులో ఇంకో కమతం పేరుంటుంది. ఇద్దరు వేరు వేరు మనుషులని కొట్టేస్తారేమో, జాగ్రత్త.

1855కి వెనక్కి వెళ్తే మిగిలేవి చర్చి పుస్తకాలు. పారిష్ పాత రిజిస్టర్లంటారు. బాప్తిస్మాలు, పెళ్లి ప్రకటనలు, అక్కడక్కడా ఖననాలు. అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553 నుంచి ఉంది. అది విని ఆశపడకండి. హైలాండ్స్‌లో, దీవుల్లో చాలా పారిష్‌ల పుస్తకాలు ఎంతో ఆలస్యంగా మొదలయ్యాయి, కొన్నయితే 1800 దాటాక.

మన కాలిన్ మెకంజీ ఉన్నారు కదా, మన ఊళ్ల కైఫీయతులు పోగుచేయించినాయన. ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య వెంట ఉండి చేసిన పని అది. ఏ గుడి ఎవరు కట్టారు, ఏ చెరువు ఎవరు తవ్వించారు అని కరణాల దగ్గర రాయించుకొచ్చారు. ఆయనది లూయిస్ దీవిలోని స్టోర్నొవే. మన పల్లెల పుట్టుపూర్వోత్తరాలన్నీ రాయించిన ఆ మనిషి పుట్టిన సంవత్సరం పుస్తకాల్లో ఒకచోట 1753 అని, ఒకచోట 1754 అని ఉంటుంది. దీవులవాళ్ల సంగతి అలా ఉంటుంది. మీ వియ్యాలవారిది లూయిసో, స్కైయో అయితే ఓపిక పట్టండి.

పుస్తకం ఉన్నా పేరు లేకపోవచ్చు. ఎందుకు లేదు? ఎవరడిగారు, ఎందుకడిగారు అనే దగ్గరికే మళ్లీ వస్తున్నాం. 1783లో ప్రభుత్వం ఒక పన్ను వేసింది. బాప్తిస్మం రాయిస్తే మూడు పెన్నీలు, పెళ్లి రాయిస్తే మూడు పెన్నీలు, ఖననానికీ మూడు పెన్నీలు. కూలి మనిషికి అది చిన్న డబ్బు కాదు. చాలామంది బిడ్డకి బాప్తిస్మం ఇప్పించుకున్నారు గానీ పుస్తకంలో రాయించుకోలేదు. 1794లో ఆ పన్ను ఎత్తేశారు. ఆ పదకొండేళ్లలో పుట్టినవాళ్లు కనపడకపోతే అదొక కారణం. ఇంకోటి, ఈ పుస్తకాలు దేశానికి అధికారిక చర్చి అయిన చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌వి, అందరూ ఆ చర్చిలో లేరు. 1733 నుంచే విడిపోతూ వచ్చారు. 1843లో అయితే పన్నెండు వందలమంది దాకా ఉన్న పాదిరీల్లో నాలుగు వందల యాభైమందికి పైగా ఒక్కసారి బయటికి వచ్చి ఫ్రీ చర్చి పెట్టారు, భక్తులూ వెంట నడిచారు. వాళ్ల పుస్తకాలు వేరు. కేథలిక్కులవీ వేరు.

పెళ్లి గురించి కూడా చెప్పాలి. పుస్తకంలో ఉన్నది చాలాసార్లు పెళ్లి కాదు, పెళ్లి ప్రకటన. ఫలానావాళ్లు చేసుకోబోతున్నారని చర్చిలో చదివి వినిపించడం. అమ్మాయి పారిష్‌లో ఒకటి, అబ్బాయి పారిష్‌లో ఒకటి ఉండవచ్చు, రెండూ చూడండి. పెళ్లి జరిగే తీరిందని ఆ ప్రకటన రుజువు కాదు. అసలు స్కాట్లాండ్‌లో పాదిరి లేకుండా, సాక్షుల ముందు మేమిద్దరం భార్యాభర్తలమని చెప్పుకుంటే చాలు, పెళ్లయినట్టే. అది 1940 దాకా చెల్లింది. ఇంగ్లండ్ నుంచి పారిపోయి వచ్చిన జంటలు సరిహద్దు ఊరు గ్రెట్నా గ్రీన్‌లో పెళ్లాడిన కథలన్నీ అందులోంచి వచ్చినవే. కాబట్టి పెళ్లి రికార్డు లేదంటే పెళ్లి లేదని కాదు.

పేర్లు పెట్టే పద్ధతి కొంత సాయం చేస్తుంది. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. మొదటి కూతురికి తల్లి తల్లి పేరు, రెండోదానికి తండ్రి తల్లి పేరు. అందరూ పాటించలేదు, అదే రుజువనుకోకూడదు. కానీ ఎటు వెతకాలో సూచన. దీనివల్ల తలనొప్పీ ఉంది. నలుగురు అన్నదమ్ములుంటే నలుగురి పెద్దకొడుకులకీ ఒకటే పేరు! ఈశాన్య తీరాన బకీ వైపు జాలరి పల్లెల్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు పదులమంది. మన ఊళ్లో ముగ్గురు సుబ్బారావులుంటే పొట్టి సుబ్బారావు, కొట్టు సుబ్బారావు, మేడమీద సుబ్బారావు అంటామే, అలాగే వాళ్లూ ముద్దుపేర్లు తగిలించుకున్నారు. అక్కడ ఆ ముద్దుపేర్లు సర్కారు రికార్డుల్లోకీ ఎక్కాయి. జాలరి కుటుంబమైతే మీ వియ్యపురాలిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ ముద్దుపేరే.

ఇప్పుడు ఎక్కువమంది తెరవని పుస్తకాల గురించి. ప్రతి పారిష్‌లోనూ పాదిరి, ఊరి పెద్దలు కలిసి కూర్చునే సభ ఒకటుంది. కర్క్ సెషన్ అంటారు. ఎవరు ఆదివారం పని చేశారు, ఎవరు తాగి తగువులాడారు, ఏ పెళ్లికాని పిల్ల కడుపుతో ఉంది, అన్నీ విచారించి రాశారు. ఆ పిల్లని పిలిపించేవారు. తండ్రి ఎవరని అడిగేవారు. చెప్పకపోతే మళ్లీ పిలిపించేవారు. పురుడొచ్చే నొప్పుల్లో మంత్రసాని చేత అడిగించిన సందర్భాలూ ఉన్నాయి. చదువుతుంటే కోపం వస్తుంది, రావాలి కూడా. అందరి ముందు, చర్చిలో, ఆదివారాల తరబడి ఆ పిల్లని నిలబెట్టారు. ఎందుకడిగారు? నీతి ఒకటి. రెండోది డబ్బు. తండ్రి తేలకపోతే ఆ బిడ్డని పోషించే భారం పారిష్ మీద పడుతుంది. బాప్తిస్మం పుస్తకంలో తండ్రి పేరు లేని బిడ్డకి ఈ సభ పుస్తకంలో తండ్రి దొరుకుతాడు. వంశవృక్షంలో అలాంటి బిడ్డ కనపడితే దాచకండి, దయచేసి. ఆ తల్లి ఆ సభలో ఒంటరిగా నిలబడి చెప్పింది. ఆవిడ పేరు చెట్టులో ఉండాలి.

1845లో బీదల చట్టం మారింది. బీదలకి సాయం చేసే పని చర్చి చేతిలోంచి పారిష్ బోర్డు చేతికి వచ్చింది, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. సాయం కోరి వచ్చిన మనిషిని ఇన్‌స్పెక్టరు గుచ్చి గుచ్చి అడిగేవాడు. ఎక్కడ పుట్టావు? తల్లిదండ్రులెవరు, ఎక్కడివాళ్లు? ఈ పారిష్‌లో అయిదేళ్లు ఏకధాటిగా ఉన్నావా? ఇంత ఆసక్తి ఎందుకు? ఆ మనిషి ఇంకో పారిష్‌కి చెందినదని తేలితే ఖర్చు అటు తోసెయ్యవచ్చు. ఖర్చు తోసెయ్యడానికి అడిగిన ప్రశ్నలు మనకి మూడు తరాల చరిత్ర ఇచ్చాయి. గ్లాస్గోవి మిచెల్ లైబ్రరీలో ఉన్నాయి, 1851 నుంచి. ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్ల అసలు ఊరు తెలియడానికి ఒక్కోసారి ఇదొక్కటే దారి. మీ అల్లుడి పూర్వీకులు ఐర్లండ్ నుంచి గ్లాస్గో వచ్చారంటే నేరుగా ఇక్కడికే రండి.

కొందరి జాడ ఇక్కడ ఆగిపోయి మద్రాసులో తేలుతుంది. సైనికులు, డాక్టర్లు, సర్వేయర్లు. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో పోయాడని మీకు తెలిసిందే. ఆయన గవర్నరు, అందరికీ తెలుసు. పేరు తెలియని సైనికుల సంగతేంటి? మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కి పంపేవారు, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. స్కాట్లాండ్ పుస్తకాల్లో ఒక కొడుకు ఇరవయ్యేళ్లకి మాయమైతే అటూ చూడండి.

ఇవన్నీ ఎక్కడ చూడాలి? స్కాట్లాండ్స్ పీపుల్ అని ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. పేరు నమోదు చేసుకుని సూచిక వెతకడం ఉచితం, చాలా రికార్డుల అసలు పేజీ బొమ్మకి డబ్బు కట్టాలి. కట్టండి. సూచిక చూసి ఊరుకోకండి, పేజీ చూడండి. పక్కింటి పేర్లు, సాక్షుల పేర్లు పేజీలోనే ఉంటాయి, బాప్తిస్మం సాక్షులు చాలాసార్లు మేనమామలో బాబాయిలో. పుట్టుక వందేళ్లు, పెళ్లి డెబ్బై అయిదేళ్లు, చావు యాభై ఏళ్లు దాటితేనే ఆ బొమ్మలు ఇంటర్నెట్‌లో పెడతారు. ఈమధ్యవి కావాలంటే ఎడిన్‌బరాలో ప్రిన్సెస్ స్ట్రీట్ చివర రిజిస్టర్ హౌస్‌లో కూర్చుని చూసుకోవచ్చు.

జనాభా లెక్కలు కూడా వందేళ్లు మూసి ఉంచుతారు. 1921వి 2022లో తెరిచారు. 1931లో తీసినవి ఇంగ్లండ్, వేల్స్‌వి 1942లో కాలిపోయాయి. స్కాట్లాండ్‌వి ఎడిన్‌బరాలో ఉన్నాయి కాబట్టి మిగిలాయి. వందేళ్లు నిండాక అవీ తెరుస్తారు. 1941లో యుద్ధం వల్ల లెక్కలే లేవు. అంటే 1921కీ మనకీ మధ్య ఎవరు ఏ ఇంట్లో ఉన్నారన్నది ఇప్పటికి చాలావరకు మనుషుల నోట్లోనే ఉంది. మీ వియ్యపురాలికి ఎనభై ఏళ్లుంటే, ఆవిడ అమ్మమ్మ పుట్టింటి పేరు, ఊరు, ఏ చర్చికి వెళ్లేవారో, ఈ మూడూ ఈ వారమే అడిగి రాసుకోండి. ఆవిడ చెప్పినట్టే రాసుకోండి, దిద్దకండి.

చీటీల మీద పేర్లు రాసి తెచ్చినవాళ్లు ఇటు రండి, ఒక్కొక్కటీ చూద్దాం. ముందు దీవులవాళ్లవి ఇవ్వండి, వాటికే ఎక్కువసేపు పడుతుంది.